పసుపు తీసేసిన పన్నెండు ఫోటోలు

నేను రిటైరు కావడానికి మూడేళ్ళ ముందు, ఫిబ్రవరి నెలలో ఒక బుధవారం నాడు, మంజుల అనే డ్రాయింగు టీచరు ఇచ్చిన పన్నెండు ఫోటోలను ప్రింటు చేసే పని నా బల్ల మీదికి వచ్చింది. అప్పటికి నేను బంగారుపేట బజారులోని ఒక కలర్ ల్యాబులో చీఫ్ ప్రింటరుని. ఉద్యోగంలో చేరి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ ఇరవై ఎనిమిదేళ్ళలో నా చేతి మీదుగా వెళ్ళిన పని రంగు బాగాలేదని ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. గొప్పకు చెప్పడం లేదు అనబోయాను గానీ, గొప్పకే చెబుతున్నాను. నిజం కూడా అదే.

కలర్ ల్యాబంటే ఫోటో స్టూడియో కాదు. స్టూడియోవాళ్ళు ఫోటో తీస్తారు, మేము దాన్ని కాగితం మీదికి తెస్తాం. ముళబాగిలు నుంచి కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ దాకా చాలా స్టూడియోల పెళ్ళి ఆల్బములు, వేమగల్ ఫ్యాక్టరీల ఐడీ కార్డు ఫోటోలు, అన్నీ మా దగ్గరికే వచ్చేవి. ల్యాబులో హోదాల వరస ఇది: అడుగున కటింగు, దాని పైన రిటచింగు, ఆపైన అసిస్టెంట్ ప్రింటరు, వాళ్ళందరి పైన చీఫ్ ప్రింటరు. చీఫ్ ప్రింటరు పైన ఓనరు శ్రీనివాస శెట్టిగారు. ఆయన పైన ఆయన భార్య నాగరత్నమ్మగారు. నిజానికి నాగరత్నమ్మగారికి ల్యాబులో ఏ హోదా లేదు. పక్క షాపు ఆమెది. అది మ్యాచింగ్ సెంటరు, అంటే చీరలకు సరిపోయే రవిక గుడ్డలు అమ్మే షాపు. రెండు షాపుల మధ్య గోడలో ఒక వాకిలి ఉండేది. ఆ వాకిలి గుండా ఆమెకు వినిపించని మాట మా ల్యాబులో పుట్టలేదు.

మా వృత్తిలో ప్రధాన శత్రువు పేరు కాస్ట్. ఫోటో అంతటా అక్కర్లేని రంగు ఒకటి పొరలా పరుచుకొని ఉంటే దాన్ని కాస్ట్ అంటాం. ట్యూబులైటు కింద తీస్తే ఆకుపచ్చ కాస్ట్ వస్తుంది, చెట్టు నీడలో తీస్తే నీలం. దాన్ని కనిపెట్టి తీసేసి, తెలుపును తెలుపుగా, బూడిద రంగును బూడిద రంగుగా రప్పించడమే ప్రింటరు పని. కేజీఎఫ్ నుంచి వచ్చే ఫోటోలకు ప్రత్యేకంగా ఒక కాస్ట్ ఉండేది. గనులు నడిచిన రోజుల్లో రాయిని పిండి చేసి, సయనైడ్ నీళ్ళతో అందులోని బంగారం లాగేసి, మిగిలిన మట్టిని ఊరి పక్కనే గుట్టలుగా పోశారు. వాటిని మేము సయనైడ్ దిబ్బలంటాం. సాయంత్రపు ఎండ ఆ దిబ్బల మీద పడి వెనక్కి తిరిగి ముఖాలకు తగిలితే, పెళ్ళికొడుకు కామెర్లు పట్టినవాడిలా కనిపిస్తాడు. నేను ఆ దిబ్బల పక్క గని కార్మికుల లైను ఇళ్ళలో పుట్టి పెరిగి, అక్కడే కాపురమున్నవాణ్ణి. ఆ పసుపు ఎంత ఉంటుందో, ఎంత తీయాలో నాకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు. అందుకని మిషన్లో దానికోసమే ఒక సెట్టింగు తయారుచేసి, దానికి ‘సయనైడ్’ అని పేరు పెట్టుకున్నాను. ఒక్క నొక్కు నొక్కితే పసుపు దిగిపోతుంది, నీలం కొంచెం ఎక్కుతుంది, పెళ్ళికొడుకు కోలుకుంటాడు. మిషన్ సర్వీసుకు చెన్నై నుంచి వచ్చిన ఇంజనీరు కూడా దాన్ని చూసి ముచ్చటపడి రాసుకొని పోయాడు.

ఇక ఆ బుధవారం. మంజుల ముందురోజు సాయంత్రం కౌంటరులో పెన్‌డ్రైవ్ ఇచ్చి, చీటీ రాసి, రైలుకు టైమైందని వెళ్ళిపోయిందట. నేను చూడలేదు. చీటీలో పన్నెండు ప్రింట్లు, రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, కాటన్ పేపరు మీద, అని ఉంది. కాటన్ పేపరు మామూలు ఫోటో పేపరులా మెరవదు. వాటర్ కలర్ బొమ్మలు వేసే కాగితంలా మందంగా, మెత్తగా ఉంటుంది. మా దగ్గర దాన్ని అడిగేవాళ్ళే లేరు. ఆమె వారం ముందే ఫోన్ చేసి చెప్పింది కాబట్టి, ఈ పని కోసమే చెన్నై నుంచి ఒక రోల్ తెప్పించి ఉంచారు.

ఫైళ్ళు తెరవగానే నాకు జాలి వేసింది. పన్నెండింటిలో ఒక్కదానికీ ఫోకస్ లేదు. ఒకదాంట్లో కింద ఒక మట్టి రంగు పట్టీ, పైన వంగపండు రంగు మరక, అంతే. ఇంకొకదాంట్లో అదీ లేదు. ఇల్లు, చెట్టు, మనిషి, ఆకాశం, దేనికీ అంచు లేదు. పాపం, ఎవరో టీచరమ్మ చెయ్యి వణికిందో, లెన్సు చెడిందో, తెలియక మొత్తం ప్రింటుకు ఇచ్చేసిందనుకున్నాను. ఫోల్డరు పేరు ‘సయనైడ్ దిబ్బలు, సాయంత్రం’ అని ఉంది. ఆ పేరు చదివాక నా వేలిని ఎవరు ఆపగలరు? బటన్ నొక్కాను. పన్నెండింటికీ నొక్కాను. అది చాలదని షార్ప్‌నెస్ పెంచాను, కాంట్రాస్ట్ పెంచాను, మురికిగా ఉన్నచోటల్లా తుడిచాను. మధ్యాహ్నానికి పన్నెండు ప్రింట్లు ఉతికి ఆరేసిన బట్టల్లా తెల్లగా, నీలంగా తయారయ్యాయి. కవరు మీద నా దస్తూరీతో ఒక సలహా కూడా రాశాను: ‘లెన్సు పట్టడం లేదు. కెమెరాను సర్వీసుకు ఇవ్వగలరు.’

గురువారం స్కూలు వదిలాక మంజుల వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. బైరకూరులో రైతుల ఇంట పుట్టి, కేజీఎఫ్‌లో పని చేస్తూ అక్కడే కాపురం ఉంటున్న మనిషి. ప్రింట్లను బల్ల మీద ఒక్కొక్కటే పరిచాను. ఆమె మొదటి నుంచి చివరి దాకా నడిచి, మళ్ళీ మొదటి దగ్గరికి వచ్చి నిలబడింది.

“ఇవి ఎవురివి సార్?” అంది.

“మీవేనమ్మా.”

“నావి ఇట్లా ఉండవు సార్. నావి స్వల్ప మురికిగా ఉంటాయి.”

నేను నవ్వి, ఆ మురికి మొత్తం నేనే తీశానని చెప్పాను. ఆమె నవ్వలేదు. కవరు మీది సలహా చదివింది. రెండోసారి కూడా చదివి, కవరును మడిచి సంచీలో పెట్టుకుంది. “కెమెరా బాగానే ఉండాది సార్. నేనే కదిలించినా,” అంది.

అప్పుడు కూర్చోబెట్టి అడిగితే విషయం బయటపడింది. ఆమె కావాలనే షట్టరును అర సెకను, ఒక సెకను తెరిచి ఉంచి, ఆ లోపల కెమెరాను చేత్తో పక్కకు జరుపుతుంది. అలా చేస్తే వస్తువుల రూపాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వెలుతురూ రంగూ మాత్రం కాగితానికి బ్రష్షుతో పూసినట్టు నిలుస్తాయి. “రూపం పోవాల సార్, పొద్దు మిగలాల,” అని చెప్పింది. ఎనిమిదేళ్ళుగా స్కూలు వదలగానే ఇంటికి పోకుండా దిబ్బల దగ్గర నిలబడి ఇదే పని చేసిందట. మూడు చోట్లకు పంపితే ముగ్గురూ ఫోటో షేక్ అయిందని తిప్పి పంపారట. ఇప్పుడు బెంగళూరులోని ఒక గ్యాలరీకి ఫోటోలు ఎంపిక చేసే పెద్దావిడ ఒకామె, స్క్రీన్ మీద చూసి ఏమీ చెప్పలేను, ప్రింటు గోడకు తగిలించి చూపించు, వస్తానని ఒప్పుకుందట. ఆదివారం ఉదయం పదిగంటలకు కేజీఎఫ్‌లోని ఒక పాత క్లబ్బు హాలులో ప్రదర్శన. ఆవిడకు నచ్చితే జులైలో బెంగళూరులో చోటు దొరుకుతుంది.

నచ్చకపోతే ఏమవుతుందని నేను అడగలేదు. ఆమే చెప్పింది. “ఇదే ఆఖరు అని ఇంట్లో మాట ఇచ్చి వచ్చినా సార్. కాకుంటే కెమెరా బీరువాలో పెట్టేసి, పొద్దుండంగానే ఇల్లు చేరుతానని.”

శెట్టిగారు రోల్ తీసి కొలిచారు. మిగిలిన కాగితం పదమూడు ప్రింట్లకు వస్తుంది. చెన్నైకి ఫోన్ చేస్తే సోమవారం గాని ఇంకో రోల్ రాదన్నారు. ఆయన నా వైపు చూసి, “ఏమప్పా రాజులూ, ఇరవై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ లేంది ఇది,” అన్నారు. నా పేరు గోవిందరాజులు. నాకు నిజంగా తల కొట్టేసినట్టయింది. కోపం కూడా వచ్చింది. ఆమె మీద రావడానికి కారణం దొరకక బటన్ మీద వచ్చింది.

ఇది చదివేవారికి ఒక సందేహం రావచ్చు. బటన్ నొక్కకుండా ఉన్నది ఉన్నట్టు ప్రింటు తీస్తే సరిపోదా? మాకూ అదే తోచింది. మామూలు కాగితం మీద ఒక చిన్న ముక్క తీసి చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. అది చీకటిగా, గోధుమ రంగు బురదలా వచ్చింది. కారణం ఆమె లాప్‌టాప్. ఆ ఫోటోల రంగులను ఆమె దాని మీద చూసుకుంటూ సరిచేసుకుంది. అది పాత సరుకు. స్క్రీన్‌ను వెనక్కి వంచితే ఒక రంగు, ముందుకు వంచితే ఇంకొక రంగు. ఏ వంపులో చూసి సరిచేశారమ్మా అని అడిగితే, “ఒళ్ళో పెట్టుకొని చూసినా సార్. వంపెవురు చూసినారు?” అంది. కాబట్టి అసలు రంగు ఫైల్లో లేదు, స్క్రీన్ మీదా లేదు. అది ఆమె తలలో ఉంది. దాన్ని కాగితం మీదికి తేవడానికి మా దగ్గర మిషన్ లేదు.

ఒక గంటసేపు మాటలతో ప్రయత్నించాం. ప్రింటరు భాష అంకెల్లో ఉంటుంది. పసుపు ఐదు పెంచనా, ఎరుపు రెండు తగ్గించనా అని నేను అడుగుతాను. ఆమె, ఇది పసుపు కాదు సార్, పసుపు అయిపోవస్తా ఉండాది, అంటుంది. ఐదా ఆరా అంటే, అలిసిపోయిన పసుపు, అంటుంది. అలసటకు మా మిషన్లో మీట లేదని చెప్పాను. ఇద్దరమూ మర్యాద వదలకుండానే పోట్లాటకు దగ్గరగా వచ్చాం. అప్పుడు గోడ వాకిట్లోంచి నాగరత్నమ్మగారు దిగారు.

“ఎంతసేపప్పా నోటితో రంగు చెప్పుకుంటారు? గుడ్డ చూపించుకోండి,” అన్నారు.

ఆమె షాపులో జరిగేది రోజంతా అదే పని. చిలకపచ్చ కాదు, అరిటాకు పచ్చ కాదు, మధ్యలోది కావాలని వచ్చే ఆడవాళ్ళకు, మాట పూర్తయ్యేలోపే ఆమె ఆ తాను కిందికి లాగి పరుస్తారు. ఒక్క పసుపులోనే ఆమె అల్మారాలో ముప్ఫై పైగా ఛాయలున్నాయి. మంజుల వాటి ముందు కూర్చొని ఐదింటిని తీసింది. ఆ ఐదింటిలో ఏది అంటే మళ్ళీ తేల్చుకోలేకపోయింది. ఇంక అక్కడికే వెళ్ళి దిబ్బ పక్కన గుడ్డ పెట్టి చూద్దామని నేను తీర్మానం చేశాను. సరిపోయిన గుడ్డను తెచ్చి కలర్ మీటరు కింద పెడితే అంకెలు దొరుకుతాయి. కలర్ మీటరంటే రంగును కొలిచే చేతి యంత్రం. వెలుగు ఎంత, ఎరుపుకూ పచ్చకూ మధ్య ఎక్కడ, పసుపుకూ నీలానికీ మధ్య ఎక్కడ, అని మూడు అంకెలు చెబుతుంది.

“ఆ ఎండలో నా గుడ్డ గూడా పసుప్పచ్చగానే కనపడతాది కదప్పా. షాపు లైటు యాడనుంచి తెస్తావు?” అన్నారు నాగరత్నమ్మగారు.

ఆమె షాపులో చీర పట్టుకొని ఒకసారి లోపల, ఒకసారి వీధి గుమ్మంలో చూడనిదే ఎవరూ రవిక గుడ్డ కొనరు. రంగు వెలుతురును బట్టి మారుతుందని రోజూ చూసే మనిషి ఆమె. నేను దాన్ని ప్రింటింగు కోర్సులో చదువుకున్నవాణ్ణి. చదువుకున్నవాడికి తట్టలేదు. ప్రింట్లను పరీక్షించడానికి ల్యాబులో తెల్లని వెలుతురిచ్చే ప్రత్యేకమైన దీపం ఒకటి ఉంటుంది. దాన్ని బ్యాటరీకి కలిపి, ఇంకు డబ్బాలు వచ్చిన అట్టపెట్టెలో బిగించి, లోపల తెల్లకాగితం అంటించాను. గుడ్డను ఆ పెట్టెలో చూడాలి, తల ఎత్తి దిబ్బను చూడాలి. అదే షాపు లైటు.

శుక్రవారం సాయంత్రం శెట్టిగారి వ్యానులో ముగ్గురం వెళ్ళాం. దిబ్బ ఎక్కడానికి అనుమతి లేదు కాబట్టి, మంజుల రోజూ నిలబడే చోటే, రోడ్డు పక్కన నిలబడ్డాం. నాగరత్నమ్మగారు దుప్పటి పరిచి నలభై గుడ్డలు వరసగా పేర్చారు. నేను పెట్టె తెరిచి దీపం వెలిగించాను. మంజుల మాత్రం దేన్నీ ముట్టుకోలేదు. “ఇంగా కాలేదు సార్. ఆగండి,” అంటూ దిబ్బనే చూస్తోంది.

చేసే పనేమీ లేక నేనూ చూశాను. నా చిన్నప్పుడు మా అమ్మ ఆ దిబ్బను తిట్టని రోజు లేదు. గాలి లేస్తే ఆ దుమ్ము అన్నంలో పడేది, ఆరేసిన బట్టల్లో పడేది, రోజుకు మూడుసార్లు ఊడ్చినా గడప మీద మళ్ళీ ఉండేది. నాకు అది మురికి. ఉద్యోగంలో చేరాక కాస్ట్. అంతకు మించి దాని ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. ఆరుగంటలు దాటాక ఎండ వాలి, దిబ్బ అంచుల్లో వాన నీళ్ళు కోసిన చారలన్నీ ఒక్కొక్కటిగా నిండిపోయాయి. పసుపు మీదికి ఎరుపు వచ్చింది, ఎరుపు పోకముందే కిందినుంచి వంగపండు రంగు ఎక్కింది. ఇదంతా పదినిమిషాలు. యాభై ఐదేళ్ళు దాని పక్కనే బతికి, ఈ పదినిమిషాలు ఒక్క సాయంత్రం కూడా చూడలేదే అని నాకు సిగ్గేసింది. బాగుంది అని పైకే అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. వాళ్ళిద్దరూ పెట్టెలో తల పెట్టి ఉన్నారు.

“ఇదే,” అంది మంజుల. అలిసిపోయిన పసుపు దొరికింది. దాన్ని వేరుగా దుప్పటి చివర పెట్టి, వంగపండు రంగు కోసం వెతుకుతున్నాం. ఈలోపు ఫ్యాక్టరీ బస్సు దిగిన ఆడవాళ్ళు నలుగురైదుగురు మా చుట్టూ చేరారు. రోడ్డు పక్కన దుప్పటి, దాని మీద రవిక గుడ్డలు, పక్కన దీపం. ఏమనుకోవాలి వాళ్ళు? ఒకామె వంగి అడిగింది, ఇంకొకామె బేరమాడింది. మేము వంగపండు రంగు తేల్చి, బూడిద రంగు తేల్చి, వెనక్కి తిరిగేసరికి నాగరత్నమ్మగారు ఒక గుడ్డను మడిచి ఒకామె చేతిలో పెడుతున్నారు. ఆమె వెళ్ళిపోయింది. దుప్పటి చివర ఖాళీ.

“అమ్మా, మీరు అమ్మింది ఏ గుడ్డ?” అన్నాను.

ఆమెకు అప్పుడు తెలిసింది. ఒక్క క్షణం నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. “చెయ్యి చాపి అడిగినారు, ఇచ్చేసినా. అలవాటప్పా,” అన్నారు. మంజుల రోడ్డు వెంట చూస్తోంది. పరిగెత్తి వెనక్కి తీసుకొస్తానంటే నాగరత్నమ్మగారు ఒప్పుకోలేదు. “అమ్మినాక వెనక్కి అడుగుతారా ఎవురైనా? నా అంగడి పరువు ఏమి కావాల?” అన్నారు. అదే తాను షాపులో, మూడో అరలో, ఎడమ పక్కనుంచి నాలుగోది ఉండాది, నాకు తెలుసు, అని అభయమిచ్చారు. ఆ అరలో ఉన్న పసుపులన్నీ నా కంటికి ఒకటే. వెలుతురు కూడా వెళ్ళిపోయింది, ఆ రోజుకు మళ్ళీ పోల్చి చూసుకునే వీలు లేదు. బంగారుపేట చేరగానే నేరుగా ఆమె షాపు తెరిచాం.

తాను అక్కడే ఉంది. తాను అనడం కూడా ఎక్కువే, జానెడు పీలిక మిగిలింది. నాగరత్నమ్మగారు దాన్ని మంజుల చేతిలో పెట్టి, అదేనా కాదా చెప్పమన్నారు. మంజుల దాన్ని ట్యూబులైటు కింద చూసి, వీధి దీపం కింద చూసి, పెట్టెలోనూ పెట్టి చూసి, అదేనంది. కలర్ మీటరుకు రూపాయి బిళ్ళంత గుడ్డ చాలు.

శనివారం స్కూలు ఒంటిపూటే. మంజుల పన్నెండున్నరకల్లా వచ్చి మిషన్ పక్కన స్టూలు వేసుకుంది. మూడు గుడ్డల అంకెలు ఎక్కించి, వాటిని ఆధారంగా పెట్టుకొని మొదటి ప్రింటు వదిలాను. కాటన్ కాగితం ఇంకును పీల్చుకుంటుంది, మామూలు కాగితం మీద చూసింది దీని మీద ఉండదు, అందుచేత పరీక్షకు కూడా ఇదే కాగితం వాడాలి. మాకున్నది ఒక్కటే అదనం. ప్రింటు బయటికి వచ్చింది. నా కంటికి అద్భుతం.

ఆమె చాలాసేపు చూసింది. “ఇంగా శుభ్రంగా ఉండాది సార్,” అంది.

అదనం అయిపోయింది. ఇక తప్పు చేయడానికి కాగితం లేదు. ఎక్కడ శుభ్రంగా ఉందో వేలు పెట్టి చూపించమన్నాను. ఆమె నీడలున్న చోట చూపించింది. అప్పుడు తెలిసింది. నేను గుడ్డ అంకెల్ని వెలుగున్న చోటే వాడి, నీడల్లో అలవాటు కొద్దీ బూడిద రంగును బూడిద రంగుగా దిద్దేశాను. ఎవరూ చెప్పకుండానే, బటన్ కూడా నొక్కకుండానే, చెయ్యి దానంతట అదే చేసింది. మొదటిసారిగా నా చేత్తో నేను నీడల్లోకి పసుపు కలిపాను. మూడు కలిపి ఆగాను. ఇంకా అంది. ఐదు. ఇంకా అంది. ఏడు దగ్గర ఆమె తల ఊపింది. చేరిన మొదటి వారంలో ఇలాంటి ప్రింటు తీసి ఉంటే అప్పటి చీఫ్ నన్ను ఇంటికి పంపించేవాడు. రాత్రి ఎనిమిదికి పన్నెండో ప్రింటు దిగింది. శెట్టిగారు వాటిని చూసి, బాగుండాయో లేవో నాకు తెలీదు గానీ చూస్తా ఉంటే సాయంత్రమైపోయినట్టు ఉండాది, అన్నారు.

ఆదివారం పదిగంటలకు ప్రింట్లు గోడకు ఉన్నాయి. బెంగళూరు పెద్దావిడ పదిన్నరకు వచ్చింది. ఒక్కొక్క ప్రింటు ముందు నిలబడి, తరువాతి దానికి జరుగుతోంది. ఆవిడ ముఖంలో ఏమీ తెలియడం లేదు. మంజుల కిటికీ దగ్గర నిలబడి కొంగు చివర మెలి తిప్పుతోంది. జనం పల్చగా ఉంటే బాగుండదని నేను మా లైను ఇళ్ళవాళ్ళకు ముందే చెప్పి ఉంచాను. పదకొండు గంటలకు పదిమంది దాకా వచ్చారు. వాళ్ళకు ఈ బొమ్మలు ఏమిటో అర్థం కాలేదు. ఒకాయన, రాజులన్నా, దీంట్లో ఏమి ఉండాది, అని నా చెవిలో అడిగాడు. చూడప్పా, అన్నాను.

మా పక్కింటి పాపమ్మవ్వ కూడా వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఆమె భర్త గని లోపల పని చేసి పోయాడు. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఫోల్డరు పేరు తెలియదు, దిబ్బ అనే మాట గోడ మీద ఎక్కడా లేదు. కర్ర పోటు వేసుకుంటూ వచ్చి ఏడో ప్రింటు ముందు ఆగింది. అది పన్నెండింటిలోకీ రూపం లేనిది. రంగు తప్ప ఏమీ లేదు. పాపమ్మవ్వ కాసేపు చూసి, కొంగు తీసి ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకుంది.

పెద్దావిడ ఆగిపోయింది. అవ్వ ఎందుకలా చేసిందని మంజులను ఇంగ్లీషులో అడిగింది. మంజుల అవ్వ వైపు తిరిగింది. పాపమ్మవ్వే అడిగింది ఏమంటా ఉండారని, నేను తెలుగులో చెప్పాను. ఆమె కొంగు తీయకుండానే, “గాలి లేస్తా ఉండాది కదప్పా. దుమ్ము వస్తాది,” అంది. అని, తానున్నది హాలులోనని గుర్తొచ్చి నవ్వింది. అందరూ నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు. ఏడో ప్రింటు దగ్గరికి వెనక్కి వెళ్ళి, అవ్వ పక్కన నిలబడి, చాలాసేపు చూసింది. తరువాత పన్నెండూ కావాలంది. విడదీయకుండా, ఒకే గోడకు.

మంజుల బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. నేను టీ తీసుకొని వెళ్ళేసరికి ఫోన్‌లో ఇంటితో మాట్లాడుతోంది. నాకు వినిపించింది ఒక్క మాటే. “రేపు గూడా నేను లేటుగానే వస్తా,” అంది.

తప్పు కనిపిస్తే దిద్దడం ప్రింటరు పని అని నేను నేర్చుకొని వచ్చాను. అది తప్పా కాదా అని ముందు అడగడం కూడా అదే పనిలో భాగమని ఈ సంగతి వల్ల తెలిసింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఏ పనీ వెనక్కి రాలేదంటే, తెచ్చి అడిగేంత పట్టుదల మంజులకు తప్ప ఇంకెవరికీ లేకపోయిందని కూడా అర్థం కావచ్చు. ఆ వారమే ఆర్డరు కవరు మీద ఒక ప్రశ్న అచ్చు వేయించాను: ‘రంగు ఎలా ఉండాలి?’ కింద రాయడానికి గీత. రిటైరయ్యేదాకా దాదాపు ప్రతి కవరు మీదా ‘తెల్లగా’ అనే రాసి ఉండేది. అయినా చదవకుండా ఒక్క కవరునూ మిషన్ దగ్గరికి తీసుకెళ్ళలేదు.